మునగాల పరగణాలో సీ డ్రైవు

ముక్త్యాల రేవులో నిలబడితే కృష్ణకు అవతల మాదిపాడు కనబడుతుంది. ఇవతల ఎన్టీఆర్ జిల్లా, అవతల పల్నాడు జిల్లా. మధ్యలో బల్లకట్టు తిరుగుతుంటుంది. వచ్చింది మోటారు సైకిలా, ఆటోనా, మిర్చి టిక్కీలు ఎత్తిన ట్రాక్టరా అని చూడదు, ఎక్కించుకుని అవతల దింపుతుంది. నది మీద వంతెన కడతారన్న మాట ఎన్నాళ్లుగానో నలుగుతూ ఉంది. ఆ మాట నమ్మి ఒడ్డున కూర్చున్నవాడు కూర్చునే ఉన్నాడు. బల్లకట్టు ఎక్కినవాడు మాదిపాడులో పని చూసుకుని పొద్దుగూకేలోగా ఇంటికొచ్చాడు.

కంప్యూటర్లో విండోస్‌కు బదులుగా వేసుకునే లైనక్స్‌లో ఆటల సంగతి తల్చుకుంటే నాకు ముందు ఈ రేవే గుర్తొస్తుంది. అక్కడా చాలాకాలం వంతెన కోసమే చూశారు.

దీని గురించి తీరిగ్గా ఆలోచించే పని పెట్టింది మా మేనల్లుడు. జగ్గయ్యపేటలో ఇంటర్ చదువుతున్నాడు. వాడి కంప్యూటరు సికింద్రాబాద్ పారడైజ్ దగ్గర సీటీసీలో కొన్న సెకండ్ హ్యాండ్ పెట్టె. ఏదో ఆఫీసు వదిలించుకున్న సరుకు, లోపల ఇంటెల్ ఆరో తరం ఐ5. బంగారంలా పనిచేస్తోంది. కానీ 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11కి పోదామంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం ప్రాసెసరు, టీపీఎమ్ 2.0 భద్రతా చిప్పు ఉండాలన్నది మైక్రోసాఫ్ట్ నిబంధన. వాడి పెట్టెకి ఆ అర్హత లేదు.

"మావయ్యా, దీంట్లో లైనక్స్ వేస్తే గేమ్స్ ఆడుకోవచ్చా?" అన్నాడు ఫోన్లో.

పదేళ్ల కిందట అడిగి ఉంటే "చదువుకోరా" అని పెట్టేసేవాణ్ణి. ఈసారి దసరాకి పెన్‌డ్రైవు జేబులో వేసుకుని ముక్త్యాలలో వాళ్లింటికి వెళ్లాను.

విండోస్ కోసం రాసిన ఆట లైనక్స్‌లో ఎందుకు నడవదో ముందు చూద్దాం. ప్రాసెసరు భాష వేరా అంటే కాదు. ఇంటెల్, ఏఎమ్‌డీ ప్రాసెసర్లకు అర్థమయ్యే యంత్రాదేశాలు రెండు చోట్లా ఒకటే. కారు మలుపు తిరిగితే వేగం ఎంత తగ్గాలి, గోడకు తగిలిందా లేదా, తగిలితే బానెట్టు ఎంత సొట్ట పోవాలి? ఈ కూడికలూ గుణకారాలూ ప్రాసెసరు తనంతట తాను చేసుకుపోతుంది. పైన ఏలేది విండోసో లైనక్సో దానికి పట్టదు. చిక్కంతా ఆటకు ప్రభుత్వంతో పని పడినప్పుడే. ఫలానా ఫైలు తెరిచిపెట్టు, తెర మీద ఇంత కిటికీ ఇవ్వు, ఈ శబ్దం స్పీకరుకు పంపు, ఇప్పుడు టైమెంతైంది? ఇలాంటి అర్జీలు విండోస్‌కు ఒక పేరుతో, ఒక ఫారంలో పెట్టాలి. లైనక్స్‌కు ఇంకో పేరుతో, ఇంకో ఫారంలో. ఇలా పెట్టదగిన అర్జీలన్నింటి పట్టికనే ఏపీఐ అంటారు. విండోస్ పట్టికలో అవి వేలకొద్దీ ఉన్నాయి.

మా వైపువాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు. నిజాం కాలంలో జగ్గయ్యపేట దాటి కోదాడ వైపు పోయే బండివాణ్ణి తల్చుకోండి. బండి అదే, ఎడ్లు అవే, నేల అదే, అటూ ఇటూ జనం మాట్లాడేదీ తెలుగే. కానీ సరిహద్దు దాటాక ఇంగ్లీషువాళ్ల కల్దార్ రూపాయి పక్కకు పోయి హాలీ సిక్కా రావాలి. నూరు కల్దార్‌కు నూటపదహారు పైచిలుకు హాలీ రూపాయలు లెక్క. సుంకం కట్టాల్సింది కరోడ్‌గిరి వాళ్లకి. కాగితం ఉర్దూలో ఉండాలి. ఇవేవీ ఎడ్లకు తెలియనక్కర్లేదు. బండిలో రెండు ప్రభుత్వాల పద్ధతులూ తెలిసినవాడొకడు చేతిసంచి పట్టుకుని కూర్చుంటే చాలు. ఎక్కడ ఏ నాణెం ఇవ్వాలో, ఎవరికి ఏ కాగితం చూపాలో వాడు చూసుకుంటాడు, బండి మామూలుగా సాగిపోతుంది.

ఆ సంచీ మనిషి పేరు వైన్. 1993లో మొదలైంది. "మావయ్యా, తాగేదేనా?" అన్నాడు మావాడు, వాళ్లమ్మకు వినబడకుండా. కాదు. 'వైన్ ఈజ్ నాట్ ఎన్ ఎమ్యులేటర్' అనే వాక్యంలోని పొడి అక్షరాలు. తన పేరును తనతోనే విప్పుకునే ఇలాంటి పేర్లంటే కంప్యూటర్ జనానికి సరదా. కానీ అందులో 'నాట్' అన్న మాట సరదాకు పెట్టింది కాదు. ఎమ్యులేటరైతే ఎడ్లను విప్పేసి, ఎద్దు అడుగు ఎలా వేస్తుందో లెక్కకట్టి, ఆ లెక్క ప్రకారం బండిని తోస్తుంది. నడుస్తుంది గానీ నత్తనడక. వైన్ ఎడ్ల జోలికే పోదు. ఆటలోని యంత్రాదేశాలు నేరుగా ప్రాసెసరు మీదే, దాని పూర్తి వేగంతో నడుస్తాయి. ప్రభుత్వానికి అర్జీ పెట్టే చోట మాత్రం వైన్ అడ్డుపడి, విండోస్ అర్జీని లైనక్స్ అర్జీగా మార్చి పెడుతుంది.

ఆటకు ఒక ఊరు కూడా కావాలి. విండోస్ ప్రోగ్రాములకు సీ డ్రైవు, అందులో ప్రోగ్రామ్ ఫైల్స్, విండోస్, సిస్టమ్32 అనే ఫోల్డర్లు లేకపోతే కాలు నిలవదు. లైనక్స్‌లో సీ డ్రైవు అన్న ఊహే లేదు. అందుకని వైన్ ఎక్కడో ఒక మామూలు ఫోల్డరు తీసుకుని దాన్నే సీ డ్రైవుగా ముస్తాబు చేస్తుంది. ఆట కళ్లకు అది అచ్చమైన విండోస్ దేశం. బయటి నుంచి చూస్తే లైనక్స్ భూమిలో ఒక చిన్న లంక. పాత పటాల్లో మునగాల పరగణా ఇలాగే ఉండేది. చుట్టూ నిజాం రాజ్యం, మధ్యలో నందిగామ తాలూకాకు, కృష్ణా జిల్లాకు చెందిన ఊళ్లు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాకే అది నల్గొండలో కలిసింది. వైన్ ఆటకొక మునగాలను కట్టిస్తుంది. పది ఆటలుంటే పది మునగాలలు కూడా కట్టిస్తుంది. ఒకదానిలో గొడవైతే పక్కదానికి సెగ తగలదు.

ఈ పని చేసినవాళ్ల ఓపికకు మాత్రం దండం పెట్టాలి. విండోస్ లోపలి రాత వాళ్లు చూడలేదు, చూడకూడదు కూడా. చూస్తే కాపీ అవుతుంది. మరి ఏ అర్జీకి విండోస్ ఏ జవాబిస్తుందో ఎలా తెలిసేది? అడిగి చూడటమే. చిన్న పరీక్ష ప్రోగ్రాము రాసి అసలు విండోస్ మీద నడుపుతారు. సరైన ఫైలు పేరిస్తే ఏమంటుంది, తప్పు పేరిస్తే ఏమంటుంది, పేరే ఇవ్వకపోతే ఏమంటుంది? వచ్చిన జవాబులు రాసుకుని, అవే జవాబులిచ్చేలా వైన్‌ను సొంతంగా రాస్తారు. విండోస్‌లో తప్పుంటే ఆ తప్పు కూడా రాయాలి. ఎందుకంటే ఆ తప్పును నమ్ముకుని బతికే ఆటలున్నాయి. వైన్ మొదటి పూర్తి వెర్షను 1.0 రావడానికి 2008 జూన్ దాకా పట్టింది. పదిహేనేళ్లు! ఈ పనికి పెద్ద దిక్కు అలెగ్జాండర్ జూలియార్డ్. కోడ్‌వీవర్స్ అనే అమెరికన్ కంపెనీ కూడా చాలా ఏళ్లుగా వెన్నుదన్నుగా ఉంది.

ఈలోగా వంతెన కట్టేవాళ్లూ ప్రయత్నించారు. వంతెనంటే ఆటనే లైనక్స్ కోసం తిరగరాయడం. 1998లో స్కాట్ డ్రేకర్ స్థాపించిన లోకీ సాఫ్ట్‌వేర్ ఆ పనికే పూనుకుంది. ఆట కంపెనీల దగ్గర అనుమతి తీసుకుని ఒక్కో ఆటనూ లైనక్స్‌కు తెచ్చేది. ఒక్కోదానికీ నెలలు పట్టేవి. అది లైనక్స్ డబ్బాలో అంగడికొచ్చేసరికి ఆడాలనుకున్నవాడు విండోస్‌లో కొని, ఆడేసి, మర్చిపోయేవాడు. 2002 జనవరిలో లోకీ మూతపడింది. అక్కడ పనిచేసిన శామ్ లాంటింగా రాసిన ఎస్‌డీఎల్ అనే ఉపకరణాల సంచి మాత్రం మిగిలింది. ఇప్పటికీ బోలెడు ఆటలు దాన్ని వాడుతున్నాయి. వంతెన కూలినా రాళ్లు పనికొచ్చాయి.

ఇక్కడ కథలోకి గేబ్ న్యూవెల్ వస్తాడు. నాకు ఈ మనిషి కథలో ఒక చమత్కారం కనబడుతుంది. పదమూడేళ్లు మైక్రోసాఫ్ట్‌లో చేశాడు. 1990ల మధ్యలో ఆటలన్నీ పాత డాస్ మీదే ఉంటే, విండోస్ 95 ఆటలకు పనికొస్తుందని చూపడానికి డూమ్ ఆటను విండోస్‌కు తెచ్చిన బృందానికి నాయకుడు ఈయనే. తర్వాత బయటికొచ్చి వాల్వ్ కంపెనీ పెట్టాడు, స్టీమ్ అనే ఆటల దుకాణం తెరిచాడు. 2012లో విండోస్ 8లోకి మైక్రోసాఫ్ట్ సొంత దుకాణం దిగుతుంటే ఈయనకు గుండె గుభేల్మంది. కొట్టు తనది, కొట్టున్న స్థలం ఇంకొకరిది. ఇప్పుడు స్థలం యజమాని ఆ పక్కనే కొట్టు పెడుతున్నాడు. విండోస్ 8 కంప్యూటర్ రంగానికి విపత్తు అని న్యూవెల్ బాహాటంగా అన్నాడు. ఒకప్పుడు జనాన్ని విండోస్ ఒడ్డుకు చేర్చినవాడే తిరుగు ప్రయాణానికి పడవ వెతకడం మొదలుపెట్టాడు.

లైనక్స్ మీద ప్రేమతో మొదలైన పని కాదిది. వ్యాపారంలో వెన్ను కాపాడుకునే పని. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మిత్రులు ఈ మాట ఒప్పుకోవడానికి కాస్త ఇబ్బంది పడతారు గానీ, ఒప్పుకోక తప్పదు.

2013 ఫిబ్రవరి 14న స్టీమ్ లైనక్స్‌లోకి వచ్చింది. 2015 నవంబరులో స్టీమ్ మెషీన్ల పేరుతో లైనక్స్ ఆటపెట్టెలు రకరకాల కంపెనీల నుంచి వచ్చాయి. చతికిలబడ్డాయి. కారణం మళ్లీ అదే వంతెన. ఆట కంపెనీలు తమ ఆటల్ని లైనక్స్‌కు తిరగరాస్తాయని వాల్వ్ ఆశపడింది. లైనక్స్‌లో ఆడేవాళ్లు లేరు కాబట్టి కంపెనీలు రాయలేదు. ఆటలు లేవు కాబట్టి ఆడేవాళ్లు రాలేదు.

అప్పటికి వైన్ చాలా అర్జీలు మార్చగలుగుతోంది, ఎక్కువగా బొమ్మల దగ్గరే తడబడుతోంది. ఆటలు గ్రాఫిక్స్ కార్డుతో మాట్లాడేది విండోస్ సొంత భాషలో. దాని పేరు డైరెక్ట్‌ఎక్స్. 2016 ఫిబ్రవరిలో ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాని వల్కన్ అనే భాష వచ్చింది. ఫిలిప్ రెబోలె అనే జర్మన్ యువకుడికి నియర్ ఆటోమాటా ఆటంటే ఇష్టం. అది లైనక్స్‌లో సరిగా ఆడటం లేదు. అందుకని డైరెక్ట్‌ఎక్స్ 11 మాటల్ని వల్కన్ మాటలుగా మార్చే డీఎక్స్‌వీకేను తనే రాయడం మొదలుపెట్టాడు. 2018లో వాల్వ్ అతన్ని ఆ పని మీదే పెట్టుకుంది.

గ్రాఫిక్స్ కార్డు ప్రాసెసరు లాంటిది కాదు. ఇక్కడ నాణెం మారిస్తే సరిపోదు, దస్తావేజు మొత్తం తర్జుమా కావాలి. నీటి మీద వెలుగు ఎలా మెరవాలి, పొగ ఎలా లేవాలి అని చెప్పే చిన్న చిన్న ప్రోగ్రాములు ప్రతి ఆటలోనూ ఉంటాయి. వాటిని షేడర్లంటారు. పెద్ద ఆటలో అవి వేలల్లో ఉంటాయి. ఒక్కోదాన్ని డైరెక్ట్‌ఎక్స్ రూపం నుంచి వల్కన్‌కు తెలిసే స్పిర్-వీ రూపంలోకి, అక్కడి నుంచి మీ కార్డు సొంత ఆదేశాల్లోకి మార్చాలి. ఆట మధ్యలో కొత్త షేడరు తగిలిందంటే తర్జుమా అయ్యేదాకా బొమ్మ ఒక్క క్షణం బిగుసుకుపోతుంది. శత్రువు గొడ్డలి ఎత్తిన క్షణమే అది జరిగితే ఆడేవాడి నోట ఏమొస్తుందో మీకు తెలుసు. ఒకసారి తర్జుమా అయిన కాగితాన్ని దాచుకుంటే రెండోసారి ఆ బాధ ఉండదు. ఉర్దూ విక్రయ పత్రాన్ని ఓసారి తెలుగులో రాయించుకుని బీరువాలో పెట్టుకున్నట్టు.

2018 ఆగస్టు 21న వాల్వ్ వైన్‌నూ డీఎక్స్‌వీకేనూ మరికొన్ని ముక్కలనూ ఒక మూటగా కట్టి ప్రోటాన్ పేరుతో స్టీమ్ లోపలే పెట్టేసింది. మొదటిరోజు అధికారికంగా పాసైన ఆటలు 27. కానీ మిగతావాటినీ నడిపి చూసుకునే మీట ఒకటి ఉంచారు. జనం దాన్నే పట్టుకుని వేల ఆటలు నడిపి చూసి, ఏది ఆడుతుందో ఏది ఆడదో ఒకరికొకరు చెప్పుకోవడం మొదలెట్టారు. ఆట కొన్నవాడు చేయాల్సిందల్లా బొత్తాం నొక్కడం. వైన్ పేరు కూడా వాడికి తెలియనక్కర్లేదు. బల్లకట్టు తిరగడం మొదలైంది అప్పుడే.

తిరిగేకొద్దీ ఎక్కడెక్కడ తగులుకుంటోందో తెలిసొచ్చింది. చిన్న ఉదాహరణ, ఫైలు పేర్లు. ఇంగ్లీషులో పెద్దక్షరంతో రాసినా చిన్నక్షరంతో రాసినా విండోస్‌కు ఒకటే ఫైలు. లైనక్స్‌కు అవి రెండు వేరు ఫైళ్లు. ఆట ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా పిలుస్తుంది. ప్రతిసారీ వైన్ ఫోల్డరంతా గాలించి పోల్చుకోవాలి. 2019లో లైనక్స్ గుండెకాయ అయిన కెర్నల్‌లోనే, కావాలన్న ఫోల్డర్లకు ఈ తేడా పట్టించుకోని పద్ధతి పెట్టారు.

ఇంకొకటి నాకు బాగా నచ్చింది, ఎదురుచూడటం. చిల్లకల్లు అడ్డరోడ్డు మీద నిలబడ్డ మనిషిని చూడండి. విజయవాడ బస్సొచ్చినా ఎక్కుతాడు, నందిగామ దాకా ఆటో వచ్చినా ఎక్కుతాడు, తెలిసినవాడి కారు ఆగినా ఎక్కుతాడు. ఏది ముందొస్తే అది. విండోస్‌లో ప్రోగ్రాముకు ఈ సౌకర్యం పుట్టుకతో ఉంది. ఒకేసారి 64 సంగతుల కోసం ఎదురుచూడొచ్చు, ఏది ముందు జరిగితే దానికి నిద్ర లేస్తుంది. ఆటలు దీన్ని విరివిగా వాడతాయి. లైనక్స్‌లో ఇలాంటి పనికున్న వేగమైన సాధనం, ఫ్యూటెక్స్, అప్పట్లో ఒక్క బస్సు కోసమే నిలబడగలిగేది. వైన్ దీనికోసం పక్కన ఇంకో ప్రోగ్రామును పెట్టుకుని, ప్రతిసారీ దాన్ని అడుగుతూ కాలం గడిపింది. సెకనుకు వేలసార్లు అడిగితే ఆట కుంటుతుంది. 2022 జనవరిలో వచ్చిన కెర్నల్ 5.16లో ఒకేసారి పలు ఫ్యూటెక్స్‌ల కోసం ఎదురుచూసే పిలుపు చేర్చారు. 2025 మార్చిలో వచ్చిన 6.14లో విండోస్ పద్ధతినే యథాతథంగా అనుకరించే ఎన్‌టీసింక్ పూర్తిగా పనిలోకి వచ్చింది. అంటే విండోస్ ఆటల కోసం లైనక్స్ తన గుండెకాయలోనే మార్పు చేసుకుంది. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ దీన్ని మొదలుపెట్టినప్పుడు ఇలా అవుతుందని ఎవరైనా అంటే నవ్వేవాళ్లు.

2022 ఫిబ్రవరి 28న, చేత్తో పట్టుకుని ఆడే వాల్వ్ ఆటపెట్టె స్టీమ్ డెక్ కొన్నవాళ్ల చేతికి అందడం మొదలైంది. ఏడంగుళాల తెర, ఏఎమ్‌డీ చిప్పు, 16 జీబీ మెమరీ, మొదటి ధర 399 డాలర్లు. లోపల నడిచేది లైనక్సే, పేరు స్టీమ్ఓఎస్. మన దేశంలో వాల్వ్ దీన్ని నేరుగా అమ్మలేదు. డెక్ రావడానికి సరిగ్గా మూడు రోజుల ముందు ఎల్డెన్ రింగ్ అనే పెద్ద ఆట విడుదలైంది. అది విండోస్ కంప్యూటర్లలో ఉండుండి తడబడుతోందని ఊరంతా గోల. వాల్వ్ ఇంజనీర్లు తమ తర్జుమా పొరలో మెమరీ వ్యవహారం సర్ది, డెక్‌లో ఆ తడబాటు తగ్గించారు. పైగా అప్పటి డెక్‌లన్నింటి చిప్పూ ఒకటే గనక, ఒకచోట తర్జుమా అయిన షేడర్లను మిగతా అందరికీ పంచిపెట్టొచ్చు. అందరి బీరువాలోనూ దస్తావేజు ముందే సిద్ధం. అసలు దేశంలో కంటే పరాయి దేశంలోనే బండి కుదుపు లేకుండా పోవడం చూసి చాలామంది నోరు వెళ్లబెట్టారు. నేనూ.

ఎంతమంది దాటారు? స్టీమ్ ప్రతినెలా తన వాడకందార్లలో కొందరి కంప్యూటర్లను సర్వే చేస్తుంది. 2018లో అందులో లైనక్స్ వాటా ఒక శాతం కూడా లేదు. 2025 అక్టోబరులో 3.05 శాతం, మూడు దాటడం అదే మొదటిసారి. అందులో పావు వంతు పైచిలుకు స్టీమ్ఓఎస్‌దే. మూడు శాతానికి ఇంత హడావిడా అనిపించవచ్చు. స్టీమ్‌కు నెలనెలా వచ్చేవాళ్లు 13.2 కోట్లని 2021లో వాల్వ్ చెప్పింది. ఆ లెక్కన మూడు శాతమంటే సుమారు 40 లక్షలు. 2011 జనాభా లెక్కల్లో మన ఉమ్మడి కృష్ణా జిల్లా మొత్తం 45 లక్షలు.

మా ఊరి కుర్రాళ్ల లెక్క వేరే. రచ్చబండ దగ్గర ఫోన్లలో బీజీఎంఐ ఆడేవాళ్లంతా ఆండ్రాయిడ్ మీద ఆడుతున్నారు. ఆండ్రాయిడ్ అడుగున ఉన్నది లైనక్స్ కెర్నలే. ఆ మాట చెబితే ఒకడు "అయితే ఏంటి?" అన్నాడు. నిజమే, ఏమీ లేదు.

తెలుగునాట డెస్క్‌టాప్ లైనక్స్ అనగానే ఎక్కువమందికి తట్టేది స్వేచ్ఛ సంస్థ. మెనూల దగ్గర్నుంచీ తెలుగులో ఉండే కంప్యూటర్ కావాలని ఇంజనీరింగ్ విద్యార్థులను కూడగట్టి స్వేచ్ఛ ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారుచేసింది, బడిపిల్లల కోసం బాల స్వేచ్ఛ తెచ్చింది. మంచి పని. కానీ మన దగ్గర లైనక్స్ చాలాకాలం పాఠం లాగే అందింది: ఇది నీకు మంచిది, వాడు. కాకరకాయ కూర మంచిదే, పిల్లాడు కంచంలో పక్కకి తోస్తాడు. మా మేనల్లుడు లైనక్స్ అడిగింది స్వేచ్ఛ కోసం కాదు, పాత పెట్టెలో ఆటలు పోకూడదని. వాడు ఆడే ఆటలూ, స్టీమ్ దుకాణమూ లోపలి రాత మూసిపెట్టిన సాఫ్ట్‌వేరే. కింద నేల మాత్రమే అందరిది.

ఇక దాటని బండ్ల సంగతి. "వాలరెంట్ ఆడుతుందా?" అన్నది వాడి రెండో ప్రశ్న. ఆడదు. కారణం తర్జుమా రాక కాదు. పదిమంది కలిసి ఆడే ఆటల్లో దొంగాట పట్టుకోవడానికి యాంటీ చీట్ ప్రోగ్రాములుంటాయి. ఇంటర్ పరీక్షలకొచ్చే ఫ్లయింగ్ స్క్వాడ్ అనుకోండి. మామూలు స్క్వాడ్ పరీక్ష హాల్లోకి వచ్చి జేబులు చూసి పోతుంది. వాలరెంట్‌తో వచ్చే వాన్‌గార్డ్ అలా కాదు, మీ ఇంటి తాళాలు అడుగుతుంది. కంప్యూటరు వెలిగిన క్షణం నుంచీ కెర్నల్ లోపల కూర్చుంటుంది, అసలు యజమానికున్నంత అధికారంతో. లైనక్స్‌లో కెర్నల్‌ను ఎవరైనా మార్చుకోవచ్చు, అంటే ఇంటివాడు గోడలే జరుపుకోగలడు. ఆ ఇంట్లో తాళంచెవికి విలువేముంది అని స్క్వాడ్ అనుమానం. అర్థం లేని అనుమానమేమీ కాదు. ఈజీ యాంటీ చీట్, బ్యాటిల్‌ఐ లాంటివి 2021లో ప్రోటాన్‌కు దారిచ్చాయి. కానీ ఆ దారి తెరవాలా వద్దా అన్నది ఒక్కో ఆట కంపెనీ ఇష్టం. ఏపెక్స్ లెజెండ్స్ కొంతకాలం తెరిచి, దొంగాటగాళ్లు ఎక్కువయ్యారంటూ 2024 అక్టోబర్ 31న మూసేసింది. ఫోర్ట్‌నైట్ తెరవనే లేదు.

ఇంటి తాళాలు ఇంకొకరికి ఇవ్వడం విండోస్‌లోనైనా క్షేమం కాదనడానికి 2024 జూలై 19 ఉంది. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ కెర్నల్లో కూర్చున్న తన ప్రోగ్రాముకు పంపిన ఒక తప్పు ఫైలు దెబ్బకు 85 లక్షల కంప్యూటర్లు నీలితెర వేశాయి. విమానాలు ఆగిపోయాయి. అయినా ఆట కంపెనీలు మనసు మార్చుకోలేదు.

ఇదంతా జరుగుతున్న కాలంలో అవతలి ఒడ్డున మైక్రోసాఫ్ట్‌కు పెద్ద మన తెలుగువాడే. హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరిలో పగ్గాలు పట్టి, అదే ఏడు తమకు లైనక్స్ అంటే ప్రేమ అని ప్రకటించారు. లైనక్స్‌ను ఈసడించుకున్న పాత మైక్రోసాఫ్ట్ తెలిసినవాళ్లు అప్పట్లో నమ్మలేదు. 2024 ఆగస్టులో ఆ కంపెనీ మోనో అనే తన ప్రాజెక్టును తీసుకెళ్లి ఎవరికి అప్పగించిందనుకున్నారు? వైన్ వాళ్లకే.

ఒక చిక్కు గురించి చెప్పకపోతే తప్పవుతుంది. బల్లకట్టు ఇంత బాగా తిరుగుతుంటే వంతెన ఎవరు కడతారు? ఇప్పుడు ఆట కంపెనీలు లైనక్స్ కోసం వేరే రాయడం దండగ అనుకుంటున్నాయి. విండోస్‌కు రాస్తే చాలు, ప్రోటాన్ చూసుకుంటుంది. పదేళ్ల కిందట ఎంతో శ్రమపడి లైనక్స్‌కే తిరగరాసిన కొన్ని ఆటలు ఇవాళ్టి లైనక్స్‌లో మొరాయిస్తాయి, వాటి విండోస్ ప్రతి ప్రోటాన్‌లో శుభ్రంగా ఆడుతుంది. లైనక్స్ లోపలి గ్రంథాలయాలు మారిపోతుంటాయి గానీ విండోస్ పాత అర్జీలు మారవు, అందుకని. అంటే లైనక్స్‌లో ఆటలకు స్థిరమైన రాజభాష ఇప్పుడు విండోస్ భాషే. రేపు మైక్రోసాఫ్ట్ కొత్త అర్జీలు పెడితే వైన్ మళ్లీ పరీక్ష ప్రోగ్రాములు రాసుకుంటూ వెనక పరిగెత్తాలి. దీన్ని విజయమనాలో పరాధీనమనాలో నేను తేల్చుకోలేదు. రెండూ అనుకుంటాను.

మావాడి పెట్టెకి ఇంకో అదృష్టం కూడా ఉంది. డీఎక్స్‌వీకే 2.0 నుంచి వల్కన్ 1.3 ఉంటేనే నడుస్తుంది. ఇంటెల్ సొంత గ్రాఫిక్స్‌లో దానికి సరైన మద్దతు ఉన్నది ఆరో తరం నుంచే. అంటే ఆరు, ఏడు తరాల కంప్యూటర్లను విండోస్ 11 వద్దంది, ప్రోటాన్ రమ్మంది. అంతకుముందు తరాల వాళ్లకు వేరే గ్రాఫిక్స్ కార్డు లేకపోతే రెండు చోట్లా తలుపు దాదాపు మూసినట్టే. ఇలా ఒడ్డునే మిగిలిపోయిన పెట్టెలు మన పల్లెల్లో తక్కువేమీ లేవు.

ముక్త్యాల చేరిన రాత్రే లైనక్స్ వేసి, నా స్టీమ్ ఖాతా తెరిచిచ్చాను. అందులో నేను ఎప్పుడో కొనిపెట్టుకున్న వైస్ సిటీ ఉంది. నా తరంలో నెట్ సెంటర్లలో గంట లెక్కన డబ్బు కట్టి, వెనక నిలబడ్డవాళ్ల సలహాలు వింటూ ఆడిన ఆట. 2003లో కంప్యూటర్లకు వచ్చింది. రాసింది డైరెక్ట్‌ఎక్స్ 8 మీద. ఆ పాత భాష డీఎక్స్‌వీకేలో చేరింది 2024 జూలైలోనే. బొత్తాం నొక్కితే గులాబీ రంగు తెర వచ్చింది. మావాడు నాలుగు రోజులు వదల్లేదు.

అయిదో రోజు దాచిన ఫోల్డర్లు చూడటం నేర్చుకుని, 12110 అనే అంకెతో ఉన్న ఫోల్డరు పట్టుకున్నాడు. స్టీమ్‌లో వైస్ సిటీ నంబరు అది. లోపల సీ డ్రైవు, దాని లోపల విండోస్, దాని లోపల సిస్టమ్32. "మావయ్యా, విండోస్ తీసేశామన్నావుగా, ఇదేంటి?" అన్నాడు. మునగాల పరగణా కథ చెప్పాను. సగం విన్నాడు. వినిపించుకోని సగంలో చెయ్యి ఊరుకోక ఆ ఫోల్డరు మొత్తం తీసేశాడు. "పోయిందా?" అని నావైపు చూశాడు. ఆట మళ్లీ మొదలుపెట్టమన్నాను. రెండు నిమిషాల్లో ప్రోటాన్ అదే అంకెతో, అదే సీ డ్రైవుతో కొత్త మునగాలను కట్టేసింది. ఆట తెరుచుకుంది.

నాలుగు రోజుల పాటు దాచుకున్న ఆట మాత్రం పాత మునగాలలోనే ఉండిపోయింది. మళ్లీ మొదటి మిషన్ నుంచి. లోపలి నుంచి మా అక్క అన్నానికి పిలవడం అప్పటికి మూడోసారి.